డాక్స్ ఉందనుకున్న చోట డాక్స్ లేదు: ఒక పర్సిస్టెంట్ మెమొరీ సర్వర్ కేస్ స్టడీ

ఒకే సర్వర్, అందులో ఎలాస్టిక్‌సెర్చ్ (డేటాలో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) నోడ్లు రెండు, అంటే విడివిడిగా నడిచే రెండు ప్రాసెస్‌లు, ఒక్కో ప్రాసెసర్ సాకెట్‌కు ఒకటి. వెర్షన్ ఒకటే, జావా హీప్ (ప్రోగ్రామ్ తనకోసం తీసుకునే ర్యామ్) ఒకటే, షార్డులు (ఇండెక్స్ ముక్కలు) కూడా దాదాపు సమానం. అయినా ప్యాచింగ్ కోసం మెషీన్ రీబూట్ అయిన ప్రతిసారీ మొదటి నోడ్ లేవగానే మామూలు స్పీడ్‌లో పనిచేసేది, రెండోది మాత్రం చాలాసేపు ఈడ్చేది. ఆ తర్వాత కాస్త తేరుకునేది కానీ మొదటి దానితో సమానంగా ఎప్పుడూ రాలేదు. ఇది హైదరాబాద్‌లో ఒక సంస్థ తన స్కాన్ చేసిన పాత రికార్డులను వెతుక్కోవడానికి పెట్టుకున్న వ్యవస్థ. వాడేవాళ్ల ఫిర్యాదు సింపుల్: "కొన్ని సెర్చ్‌లు టక్కున వస్తాయి, కొన్ని రావు."

నేను చేరేసరికి అక్కడి టీమ్ అప్పటికే హీప్ సైజులు మార్చి చూసింది, గార్బేజ్ కలెక్షన్ లాగులు తిరగేసింది, షార్డులు అటూ ఇటూ జరిపింది. రెండో నోడ్‌కు ఏ షార్డు వెళ్తే ఆ షార్డే నెమ్మది. అంటే సమస్య ఎలాస్టిక్‌సెర్చ్‌ది కాదు, దాని కింద ఉన్న డిస్కుది, నిజానికి డిస్కు కూడా కాదు, కరెంటు పోయినా డేటా నిలుపుకునే పర్సిస్టెంట్ మెమొరీది. డాక్స్ అంటే ఆ మెమొరీలోని ఫైల్‌ను ర్యామ్‌లోకి కాపీ చేయకుండా నేరుగా చదివే పద్ధతి. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. ఈ సర్వర్‌ను మొదట సెటప్ చేసినప్పుడు ఏ కమాండూ ఫెయిల్ కాలేదు, ఎక్కడా ఎర్రర్ రాలేదు, మౌంట్లు అన్నీ లేచాయి. పర్సిస్టెంట్ మెమొరీలో ఎర్రర్ రాలేదంటే పని అయిందని కాదు. మాడ్యూల్ (స్లాట్‌లో కూర్చునే కార్డు), రీజియన్ (ఒకటో కొన్నో మాడ్యూళ్లతో ఏర్పడే ప్రాంతం), నేమ్‌స్పేస్ (రీజియన్‌లోంచి లైనక్స్‌కు డివైస్‌గా కనిపించే భాగం), ఫైల్ సిస్టమ్ అని నాలుగు అంతస్తులు ఉంటాయి, ఒక్కో అంతస్తులో నిజంగా ఏం జరిగిందో అక్కడికక్కడ అడిగి తెలుసుకున్నాకే పై అంతస్తుకు వెళ్లాలి.

ముందు హార్డ్‌వేర్ సంగతి. రెండు సాకెట్ల క్యాస్కేడ్ లేక్ జియాన్, సాకెట్‌కు ఆరు మెమొరీ ఛానెళ్లు, ఒక్కో ఛానెల్‌కు ఒక 32 జీబీ డీర్యామ్ (మామూలు ర్యామ్), ఒక 128 జీబీ ఆప్టేన్ పర్సిస్టెంట్ మెమొరీ మాడ్యూల్. అంటే సాకెట్‌కు 192 జీబీ డీర్యామ్, 768 జీబీ ఆప్టేన్. 256 జీబీవి ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. ఆ తరం ప్రాసెసర్లలో మామూలు మోడళ్లకు సాకెట్‌కు 1 టీబీ మెమొరీ వరకే పరిమితి, అందులో డీర్యామ్, ఆప్టేన్ రెండూ కలిపి లెక్క. 960 జీబీ ఆ గీత లోపలే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8, కెర్నెల్ 4.18.

ఈ మాడ్యూళ్లు కొత్తవాళ్లకు రెండు ముక్కల్లో. 2019 ఏప్రిల్‌లో ఇంటెల్ వీటిని క్యాస్కేడ్ లేక్‌తో పాటు మార్కెట్లోకి తెచ్చింది. మామూలు డీడీఆర్4 స్లాట్‌లోనే కూర్చుంటాయి, కరెంటు పోయినా డేటా ఉంచుకోగలవు, డీర్యామ్ కంటే నెమ్మది, ఎస్ఎస్‌డీ కంటే చాలా వేగం. వాడే పద్ధతులు రెండు. మెమొరీ మోడ్‌లో పెడితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆప్టేన్ మొత్తం మామూలు ర్యామ్‌లా కనిపిస్తుంది, ఉన్న డీర్యామ్ దానికి క్యాచ్‌గా మారి లెక్కలోంచి మాయమవుతుంది, రీబూట్ చేస్తే డేటా పోతుంది. యాప్ డైరెక్ట్ మోడ్‌లో పెడితే డీర్యామ్ డీర్యామ్‌గానే ఉంటుంది, ఆప్టేన్ విడిగా, నిలిచి ఉండే మెమొరీగా దొరుకుతుంది. ఈ సెర్చ్ వ్యవస్థకు కావాల్సింది రెండోది. ఎలాస్టిక్‌సెర్చ్ లోపల ఉండే లూసీన్ తన ఇండెక్స్ ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని ఎంమ్యాప్ చేసి, అంటే ఫైల్‌ను మెమొరీలో భాగంగా చూసి, చదువుతుంది. ఆ ఫైళ్లు డాక్స్‌తో మౌంట్ చేసిన పర్సిస్టెంట్ మెమొరీ మీద ఉంటే ప్రాసెసర్ నేరుగా మాడ్యూల్ నుంచే చదువుతుంది, మధ్యలో పేజీ క్యాచ్ (ఫైళ్ల కాపీలను కెర్నెల్ ర్యామ్‌లో ఉంచుకునే చోటు) ఉండదు, కాబట్టి రీబూట్ తర్వాత మళ్లీ నిండి వేడెక్కాల్సిందంటూ ఏమీ ఉండదు.

ఇక్కడే మొదటి ఆధారం. రీబూట్ తర్వాత ఒక నోడ్ వేడెక్కుతోంది అంటే అది పేజీ క్యాచ్ వాడుతోందన్నమాట.

న్యూమాస్టాట్ కమాండ్‌కు -ఎం ఇస్తే ఒక్కో న్యూమా నోడ్ (ఇక్కడ ఒక్కో సాకెట్, దాని సొంత మెమొరీ) లెక్క విడివిడిగా చూపిస్తుంది. అందులో పేజీ క్యాచ్‌కు పోయిన మెమొరీని చూపే ఫైల్‌పేజెస్ అనే వరుస చూశాం. సాకెట్ 0 వైపు అది చాలా తక్కువ, లాగులకీ మామూలు సిస్టమ్ ఫైళ్లకీ పోయేంతే. సాకెట్ 1 వైపు మాత్రం హీప్ పోను మిగిలిన డీర్యామ్ దాదాపు అంతా ఫైల్‌పేజెస్ కిందే ఉంది. అంటే రెండో నోడ్ ఇండెక్స్ అంతా ఆప్టేన్ నుంచి డీర్యామ్‌కు కాపీ అవుతోంది. ఇండెక్స్ డీర్యామ్ కంటే చాలా పెద్దది కాబట్టి పాత పేజీలు పోతూ కొత్తవి వస్తూ ఉన్నాయి. పర్సిస్టెంట్ మెమొరీని డబ్బు పెట్టి కొని ఎస్ఎస్‌డీలా వాడుతున్నారు.

టీమ్‌లో ఒక కుర్రాడు వెంటనే అడిగాడు: "అన్నా, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రెండింటికీ డాక్స్ ఆప్షన్ ఉంది కదా?" ఉంది. రెండు వరుసలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. కానీ ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏది ఎలా మౌంట్ చేయాలో రాసుకునే ఫైల్) మనం అడిగింది చెబుతుంది, కెర్నెల్ ఇచ్చింది చెప్పదు. ఇచ్చింది చూడాలంటే ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో ఆప్షన్ల కాలమ్ చూడాలి. సాకెట్ 0 మౌంట్ దగ్గర డాక్స్ ఉంది. సాకెట్ 1 దగ్గర లేదు.

తర్వాత కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్. "మరి మేం దీన్ని కూడా చెక్ చేశాం అన్నా, డాక్స్ ఎనేబుల్డ్ అని వచ్చింది" అన్నాడు ఆ కుర్రాడే. అదీ నిజమే, వచ్చింది. ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది ఈ చోటే, మీరూ ఆగండి. ఈ తరం కెర్నెల్‌లో ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌ను డాక్స్ ఆప్షన్‌తో మౌంట్ చేయగానే ముందు ఒక హెచ్చరిక పడుతుంది: "డాక్స్ ఎనేబుల్డ్. వార్నింగ్: ఎక్స్‌పెరిమెంటల్, యూజ్ ఎట్ యువర్ ఓన్ రిస్క్." ఆ తర్వాతే కింద ఉన్న డివైస్ నిజంగా డాక్స్ ఇవ్వగలదా అని చూస్తుంది. ఇవ్వలేకపోతే దాని కింద ఇంకో లైన్ పడుతుంది: "డాక్స్ అన్‌సపోర్టెడ్ బై బ్లాక్ డివైస్. టర్నింగ్ ఆఫ్ డాక్స్." అని చెప్పి, ఆప్షన్ తీసేసి, మౌంట్‌ను మాత్రం నిక్షేపంగా పూర్తి చేస్తుంది. మౌంట్ కమాండ్ సక్సెస్‌గానే తిరిగొస్తుంది. డీమెసేజ్‌లో "డాక్స్ ఎనేబుల్డ్" అని గ్రెప్ చేస్తే రెండు మౌంట్లకూ దొరుకుతుంది. దాని కింది లైన్ చూస్తేనే అసలు కథ తెలిసేది.

మరి కింది డివైస్ డాక్స్ ఎందుకు ఇవ్వలేదు? ఇక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగాం.

డివైస్‌ల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే చూస్తే సాకెట్ 0 ఫైల్ సిస్టమ్ నేరుగా పీమెమ్0 అనే డివైస్ మీద ఉంది. సాకెట్ 1ది మాత్రం ఒక ఎల్‌వీఎం వాల్యూమ్ (చాలా డివైస్‌లను ఒకటిగా కలిపి చూపేది) మీద, ఆ వాల్యూమ్ కింద ఆరు డివైస్‌లు, పేర్ల చివర ఎస్ అక్షరం: పీమెమ్1ఎస్ నుంచి పీమెమ్6ఎస్ వరకు. ఆ ఎస్ చూడగానే సగం అర్థమైపోతుంది, అది మామూలు డిస్కులా ప్రవర్తించే సెక్టార్ మోడ్ నేమ్‌స్పేస్. నేమ్‌స్పేస్‌లు చూసుకునే ఎన్‌డీసీటీఎల్ అనే కమాండ్‌తో తీసిన లిస్ట్ దాన్ని ఖాయం చేసింది, ఆరింటికీ మోడ్ సెక్టార్ అనే ఉంది. ఇంకో మెట్టు దిగి, మాడ్యూళ్లను, రీజియన్లను చూసుకునే ఐపీఎంసీటీఎల్ కమాండ్‌ను

ఐపీఎంసీటీఎల్ షో -రీజియన్

అని అడిగితే రెండు రీజియన్లు రావాల్సిన చోట ఏడు వచ్చాయి. సాకెట్ 0లో ఒకటి, యాప్‌డైరెక్ట్, 756 జీఐబీ. సాకెట్ 1లో ఆరు, యాప్‌డైరెక్ట్‌నాట్ఇంటర్‌లీవ్డ్ (మాడ్యూళ్లను కలపకుండా విడివిడిగా), ఒక్కోటి 126 జీఐబీ.

ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. సర్వర్ సరఫరా చేసినవాళ్ల తరఫు టీమ్ మొదట్లో ఒక సాకెట్‌ను ఒక రకంగా, ఇంకోదాన్ని ఇంకో రకంగా పెట్టి పోల్చి చూసింది, పోలిక అయ్యాక రెండోదాన్ని మార్చకుండానే అప్పగించింది. అప్పగించిన కాగితాల్లో మాత్రం రెండు సాకెట్లూ ఒకటే అని ఉంది.

వాళ్ల ఆలోచనలో పూర్తిగా అర్థం లేకపోలేదు, అది కూడా చెప్పాలి. ఇంటర్‌లీవ్ చేస్తే డేటా ఆరు మాడ్యూళ్ల మీద 4 కేబీ ముక్కలుగా పరుచుకుంటుంది, ఆరు ఛానెళ్ల బ్యాండ్‌విడ్త్ కలిసొస్తుంది, కానీ ఒక్క మాడ్యూల్ పోతే రీజియన్ మొత్తం పోతుంది. ఇంటర్‌లీవ్ చేయకపోతే పోయిన మాడ్యూల్‌లో ఉన్నదే పోతుంది. సెక్టార్ మోడ్‌కూ దాని విలువ దానికుంది. మధ్యలో కరెంటు పోయినా ఒక సెక్టార్ సగం పాతది సగం కొత్తది కాకుండా అది చూసుకుంటుంది, బ్లాక్ డివైస్ మీద ఆధారపడే పాత సాఫ్ట్‌వేర్‌లకు అదే మంచిది. కానీ ఆ మధ్యవర్తి పొర ఉన్నంతకాలం డాక్స్ రాదు. పైగా ఆరు విడి మాడ్యూళ్లనూ ఎల్‌వీఎంలో మళ్లీ స్ట్రైప్ చేస్తే (డేటాను ఆరింటి మీదా పరిస్తే), ఏ రక్షణ కోసం విడదీశారో అది అక్కడే పోయింది. ఒక్కటి చెడితే ఈ వాల్యూమ్ కూడా మొత్తం పోతుంది. రెండు పద్ధతుల్లోని నష్టాలూ కలిసి వచ్చాయి, లాభం ఒక్కటీ రాలేదు.

మళ్లీ కట్టాలని నిర్ణయించాం.

ముందు డేటా. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఈ నోడ్ పేరును అలొకేషన్ నుంచి ఎక్స్‌క్లూడ్ చేస్తే షార్డులు తమంతట తామే మిగతా సర్వర్లకు వెళ్లిపోతాయి. అవి వెళ్లేదాకా ఓపిక పట్టాలి, అంతే. ఒకే మెషీన్ మీద రెండు నోడ్లు నడిపేవాళ్లు ఇంకో సెట్టింగ్ కూడా చూసుకోవాలి, ఒక షార్డు ప్రైమరీ, దాని రెప్లికా రెండూ ఒకే హోస్ట్ మీద పడకుండా చూసే సేమ్‌షార్డ్ హోస్ట్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేయకపోతే ఈ మెషీన్ రీబూట్‌లో రెండు కాపీలూ ఒకేసారి పడిపోయే అవకాశం ఉంది.

తర్వాత ఉన్న కాన్ఫిగరేషన్ దాచుకోవడం. ఐపీఎంసీటీఎల్ డంప్ కమాండ్‌తో సిస్టమ్ కాన్ఫిగ్ ఒక ఫైల్‌లోకి తీసి సర్వర్ బయట పెట్టాం. ఆ ఫైల్ డేటాను దాచదు, నేమ్‌స్పేస్‌లను కూడా దాచదు, ఏ మాడ్యూల్‌కు ఎంత కెపాసిటీ ఏ రకంగా ఇచ్చారన్నది మాత్రమే దాస్తుంది. అయినా తీయాలి. దానితో పాటు షో -టోపాలజీ అవుట్‌పుట్ కూడా, ఎందుకంటే ఏ మాడ్యూల్ ఏ స్లాట్‌లో ఉందో అందులో ఉంటుంది. రేపు మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే మాడ్యూళ్లు ఎక్కడివక్కడే తిరిగి కూర్చోవాలి, క్రమం మారితే ఇంటర్‌లీవ్ సెట్ విరిగినట్టే. ఆ కాగితం ప్రింట్ తీసి ర్యాక్ తలుపుకు లోపలివైపు అంటించాం. షో -సెన్సర్‌తో పన్నెండు మాడ్యూళ్ల ఆరోగ్యం చూశాం. హెల్త్‌స్టేట్ అన్నీ హెల్తీ, పర్సెంటేజ్ రిమైనింగ్ బాగానే ఉంది, టెంపరేచర్లు మామూలే. చెడిపోబోయే మాడ్యూల్ మీద కొత్త రీజియన్ కట్టడం దండగ, అందుకే ఇది ముందే చూడాలి.

ఆ తర్వాత పై నుంచి కిందికి కూల్చడం: అన్‌మౌంట్, ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూప్ తీసేయడం, ఆరు నేమ్‌స్పేస్‌లనూ ఎన్‌డీసీటీఎల్ డిస్ట్రాయ్-నేమ్‌స్పేస్‌తో తీసేయడం. ఇక్కడ పేర్లు ఒక్కొక్కటిగా రాయండి. ఆల్ అనే పదం కూడా ఈ కమాండ్ తీసుకుంటుంది, పక్క సాకెట్‌లో పనిచేస్తున్న నోడ్ ఉన్నప్పుడు ఆ పదం టైప్ చేసే అలవాటే ఉండకూడదు. నేమ్‌స్పేస్‌లు పోయాకే గోల్ పెట్టాలి.

ఐపీఎంసీటీఎల్ క్రియేట్ -గోల్ -సాకెట్ 1 పర్సిస్టెంట్‌మెమొరీటైప్=యాప్‌డైరెక్ట్

సాకెట్ 1 అని రాయకపోతే ఆ గోల్ మెషీన్‌లో ఉన్న మాడ్యూళ్లన్నింటికీ అనే అర్థం. ఎంటర్ నొక్కాక ఆరు మాడ్యూళ్ల పట్టిక వస్తుంది, ఒక్కోదానికి మెమొరీ సైజ్ 0, యాప్‌డైరెక్ట్1 సైజ్ 126 జీఐబీ, యాప్‌డైరెక్ట్2 సైజ్ 0, సాకెట్ కాలమ్‌లో అన్నీ 1. ఆ కాలమ్ పై నుంచి కిందికి వేలు పెట్టి చదివాకే వై నొక్కాం.

గోల్ అంటే కాన్ఫిగరేషన్ కాదు, కోరిక. వై నొక్కగానే ఏమీ మారదు. ఆ కోరిక మాడ్యూళ్ల మీద రాసి ఉంటుంది, తర్వాతి రీబూట్‌లో బయోస్ దాన్ని చదివి, కుదిరితే అమలు చేస్తుంది. కుదరకపోతే మెషీన్ మామూలుగానే బూట్ అవుతుంది, షో -గోల్‌లో మాత్రం స్టేటస్ దగ్గర ఫెయిల్డ్ అని, వనరులు చాలలేదనో ఫర్మ్‌వేర్ తప్పనో కారణం ఉంటుంది. కాబట్టి రీబూట్ అయ్యాక మొదట అడగాల్సింది షో -గోల్, తర్వాత షో -రీజియన్. మా దగ్గర రెండు రీజియన్లు వచ్చాయి, రెండూ యాప్‌డైరెక్ట్, రెండూ 756 జీఐబీ, కొత్తదాని ఫ్రీ కెపాసిటీ పూర్తిగా 756. మొదటి రెండు అంతస్తులు అయ్యాయి.

ఇప్పుడు లైనక్స్ వైపు. ఐపీఎంసీటీఎల్ చెప్పే రీజియన్, లైనక్స్ రీజియన్1 అని పిలిచేది ఒకటేనని నంబర్ చూసి నమ్మకూడదు. ఇద్దరి దగ్గరా ఇంటర్‌లీవ్ సెట్ ఐడీ ఉంటుంది, దాన్ని పోల్చాలి. ఎన్‌డీసీటీఎల్ మామూలుగా ఆ ఐడీని దశాంశంలో, ఒక్కోసారి మైనస్ గుర్తుతో చూపిస్తుంది, ఐపీఎంసీటీఎల్ హెక్స్‌లో చూపిస్తుంది, చూడ్డానికి ఏ సంబంధం లేనట్టు ఉంటాయి. ఎన్‌డీసీటీఎల్ లిస్ట్‌కు -యూ కలిపితే అదీ హెక్స్‌లో వస్తుంది, అప్పుడు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. న్యూమా నోడ్ నంబర్ కూడా సిస్‌ఎఫ్ఎస్‌లో రీజియన్ ఫోల్డర్ కింద దొరుకుతుంది. రెండూ కుదిరాక:

ఎన్‌డీసీటీఎల్ క్రియేట్-నేమ్‌స్పేస్ --మోడ్=ఎఫ్ఎస్‌డాక్స్ --మ్యాప్=డెవ్ --రీజియన్=రీజియన్1

మ్యాప్ దగ్గర ఒక నిర్ణయం ఉంది. కెర్నెల్ ప్రతి 4 కేబీ పేజీకీ 64 బైట్ల వివరం పెట్టుకుంటుంది, అంటే కెపాసిటీలో 64వ వంతు. 756 జీఐబీకి అది దాదాపు 11.8 జీఐబీ. మ్యాప్=మెమ్ అంటే ఆ వివరం డీర్యామ్‌లో, మ్యాప్=డెవ్ అంటే ఆప్టేన్‌లోనే. సాకెట్‌కు 192 జీబీ డీర్యామ్ ఉన్నచోట 11.8 వదులుకోవడం నాకు ఇష్టం లేదు, ఈ పనికి అవసరమూ లేదు. డెవ్ అయితే నేమ్‌స్పేస్ సైజు 744.19 జీఐబీగా వస్తుంది, అది చూసి 12 జీఐబీ ఎక్కడికి పోయిందని కంగారు పడక్కర్లేదు.

అవుట్‌పుట్‌లో మోడ్ ఎఫ్ఎస్‌డాక్స్, బ్లాక్ డివైస్ పీమెమ్1, చివర ఎస్ లేదు. ఇప్పుడు ఫైల్ సిస్టమ్:

ఎంకేఎఫ్ఎస్.ఎక్స్ఎఫ్ఎస్ -ఎం రీఫ్లింక్=0 -డీ ఎస్‌యూ=2ఎం,ఎస్‌డబ్ల్యూ=1 /డెవ్/పీమెమ్1

రెడ్ హ్యాట్ 8లో ఎక్స్ఎఫ్ఎస్ రీఫ్లింక్ (రెండు ఫైళ్లు ఒకే డేటా బ్లాకులను పంచుకునే సౌకర్యం) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఈ కెర్నెల్‌లో రీఫ్లింక్, డాక్స్ ఒకే చోట ఉండలేవు. 0 పెట్టడం మర్చిపోతే మౌంటే ఫెయిల్ అవుతుంది, రెండూ కలిపి వాడలేరని డీమెసేజ్‌లో స్పష్టంగా చెబుతుంది. ఇలా గట్టిగా ఫెయిల్ అయ్యే తప్పులతో నాకు టెన్షన్ లేదు, పాత సెటప్‌లో జరిగినట్టు నోరు మెదపకుండా పక్కకు తప్పుకునేవే ప్రమాదం. ఎస్‌యూ, ఎస్‌డబ్ల్యూ రెండూ ఫైళ్లు 2 ఎంబీ హద్దుల మీద పడటానికి. మౌంట్ చేశాక ఎక్స్ఎఫ్ఎస్_ఐఓతో పై డైరెక్టరీకి ఎక్స్‌టెంట్ సైజ్ 2 ఎంబీ అని సూచన కూడా ఇచ్చాం. ఎందుకంటే ఫైల్ హద్దు కుదిరితే కెర్నెల్ ఒకే పేజ్ ఫాల్ట్‌లో 2 ఎంబీ మ్యాప్ చేస్తుంది, కుదరకపోతే 4 కేబీ చొప్పున 512 సార్లు చేయాలి, వందల జీబీల ఇండెక్స్ ఎంమ్యాప్ చేసేవాళ్లకు ఇది పెద్ద తేడా. నిజంగా పెద్ద పేజీలు దొరుకుతున్నాయో లేదో కూడా అడగొచ్చు: కెర్నెల్ ట్రేసింగ్‌లో ఎఫ్ఎస్_డాక్స్ కింద పీఎండీ ఫాల్ట్ డన్ అనే ఈవెంట్ ఆన్ చేసి చూస్తే లైన్ల చివర నోపేజ్ అని వస్తే దొరికినట్టు, ఫాల్‌బ్యాక్ అని వస్తే 4 కేబీకి దిగిపోయినట్టు. చిన్న ఫైళ్లకు ఫాల్‌బ్యాక్ సహజమే. పెద్ద సెగ్మెంట్ ఫైళ్లకు మాకు నోపేజ్ వచ్చింది.

మౌంట్ చేశాం. ఫైండ్‌మౌంట్‌లో డాక్స్ కనిపించింది. డీమెసేజ్‌లో ఎక్స్‌పెరిమెంటల్ హెచ్చరిక వచ్చింది, దాని కింద టర్నింగ్ ఆఫ్ అనే లైన్ రాలేదు.

ఆ ఎక్స్‌పెరిమెంటల్ అనే మాట చూసి మేనేజర్ అడిగారు, ప్రొడక్షన్‌లో ఇది వాడొచ్చా అని. సూటిగా చెప్పాను: రెడ్ హ్యాట్ 8లో ఫైల్ సిస్టమ్ డాక్స్ టెక్నాలజీ ప్రివ్యూగానే ఉంది, దీని మీద ఉన్న డేటాకు ఇదొక్కటే కాపీ అయితే నేను ఒప్పుకోను. ఇక్కడ ప్రతి షార్డుకూ మామూలు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఉన్న ఇంకో సర్వర్‌లో రెప్లికా ఉంది, స్నాప్‌షాట్ వేరే ఉంది. అందుకే సరే. ఇదే ఏదైనా లెడ్జర్ డేటాబేస్ అయితే నా జవాబు వేరేగా ఉండేది.

కరెంటు పోతే ఏమవుతుందన్నది కూడా అడిగారు. ఈ మొదటి తరంలో ఏడీఆర్ అనే ఏర్పాటు మెమొరీ కంట్రోలర్ దాకా చేరిన రాతలను మాడ్యూల్‌లోకి చేరుస్తుంది, ప్రాసెసర్ క్యాచ్‌లో ఉండిపోయినవి మాత్రం పోతాయి. వాటిని కూడా కాపాడే ఈఏడీఆర్ ఐస్ లేక్ తరంతో వచ్చింది. లూసీన్ కమిట్ చేసేటప్పుడు ఎఫ్‌సింక్ పిలుస్తుంది, డాక్స్ మౌంట్ మీద ఎఫ్‌సింక్ క్యాచ్‌ను ఫ్లష్ చేస్తుంది, కాబట్టి కమిట్ అయింది అయినట్టే.

ఇక మిగిలింది నోడ్‌ను సరైన సాకెట్‌కు కట్టేయడం. పీమెమ్1 సాకెట్ 1 మెమొరీ కంట్రోలర్ మీద ఉంది, ప్రాసెస్ సాకెట్ 0లో నడిస్తే ప్రతి రీడ్ అటు దాటి రావాలి. ఆప్టేన్ రీడ్‌కు అసలే దాదాపు 170 నుంచి 300 నానోసెకన్లు పడుతుంది, దానికి ఇది అదనం. న్యూమాసీటీఎల్‌తో సీపీయూ, మెమొరీ రెండింటినీ న్యూమా నోడ్ 1కి కట్టి సర్వీస్ మొదలుపెట్టాం.

షార్డులు తిరిగి రావడానికి టైమ్ పట్టింది. ఆప్టేన్‌లో రాత, చదువుకు సమానం కాదు, రాత బాగా నెమ్మది, అందుకే రికవరీ వేగాన్ని పెంచమని టీమ్ అడిగినా వద్దన్నాను. అన్నీ వచ్చాక మెషీన్‌ను కావాలనే రీబూట్ చేశాం. ఈసారి రెండు నోడ్లూ కలిసి లేచాయి, క్యూరీ టైమ్ గ్రాఫ్‌లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి నడిచాయి. న్యూమాస్టాట్‌లో నోడ్ 1 ఫైల్‌పేజెస్ పెరగలేదు, ఖాళీ డీర్యామ్ ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ చూసి ఒకరిద్దరు ర్యామ్ వృథా అవుతోందేమో అన్నారు. వృథా కాదు, హీప్ పెంచుకోవడానికో ఇంకో సర్వీస్‌కో అది ఇప్పుడు నిజంగా అందుబాటులో ఉంది. కానీ ఒక మాట: మీ ఇండెక్స్‌లో తరచుగా తగిలే భాగం డీర్యామ్‌లో పూర్తిగా పట్టేంత చిన్నదైతే పేజీ క్యాచే మేలు, డీర్యామ్ ఆప్టేన్ కంటే వేగం కాబట్టి. డాక్స్ లాభం ఇండెక్స్ డీర్యామ్‌ను మించిపోయినప్పుడే.

ఇదే పరిస్థితి మళ్లీ నిశ్శబ్దంగా రాకుండా రెండు పనులు చేశాం. ఎలాస్టిక్‌సెర్చ్ సర్వీస్ యూనిట్‌లో స్టార్ట్ కంటే ముందు నడిచే చిన్న స్క్రిప్ట్ పెట్టాం, అది మౌంట్ ఆప్షన్లలో డాక్స్ ఉందా అని చూసి లేకపోతే సర్వీస్‌ను ఎక్కనివ్వదు. మౌంట్ అవ్వని స్థితిలో ఆ ఖాళీ డైరెక్టరీకి ఎలాస్టిక్‌సెర్చ్ యూజర్‌కు రాసే అనుమతి తీసేశాం, లేకపోతే ఎప్పుడైనా మౌంట్ తప్పితే నోడ్ రూట్ డిస్క్ మీద ఖాళీగా మొదలై దాన్ని నింపేస్తుంది. మానిటరింగ్‌లో డర్టీ షట్‌డౌన్ కౌంట్, పర్సెంటేజ్ రిమైనింగ్, ఎన్‌డీసీటీఎల్ చెప్పే మీడియా ఎర్రర్లు చేర్చాం.

ఆప్టేన్ వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు ఇంటెల్ 2022 జూలైలో ప్రకటించింది, కాబట్టి మాడ్యూల్ పోతే కొత్తది దొరకడం ఇక కష్టమే. ఇంటర్‌లీవ్ సెట్‌లో ఒక్కటి పోయినా ఆ సాకెట్ అంతా మళ్లీ గోల్ నుంచి మొదలుపెట్టి కట్టాలి, అందుకే ఈ సంస్థతో స్పేర్ మాడ్యూళ్లు కొనిపించి, పైన రాసిన క్రమమంతా రన్‌బుక్‌గా రాయించాను, ఒక్కో కమాండ్ పక్కన అది సక్సెస్ అన్నాక ఇంకెక్కడ అడిగి నిర్ధారించుకోవాలో కూడా.

ఈ హార్డ్‌వేర్ లేనివాళ్లు కూడా ఇదంతా చేసి చూడొచ్చు. కెర్నెల్ కమాండ్ లైన్‌లో మెమ్‌మ్యాప్ పారామీటర్‌కు 4జీ!12జీ అని ఇస్తే, 12 జీబీ దగ్గర మొదలయ్యే 4 జీబీ మామూలు ర్యామ్‌ను లైనక్స్ పర్సిస్టెంట్ మెమొరీగా చూపిస్తుంది, పీమెమ్0 అనే డివైస్ వస్తుంది. అక్కడ ఐపీఎంసీటీఎల్ పనిచేయదు, కరెంటు పోతే డేటా ఉండదు, కానీ ఎన్‌డీసీటీఎల్, ఎక్స్ఎఫ్ఎస్ వైపు అంతా నిజమే. దాన్ని ముందు సెక్టార్ మోడ్‌లోకి మార్చి, రీఫ్లింక్=0తో ఎక్స్ఎఫ్ఎస్ వేసి, డాక్స్ ఆప్షన్‌తో మౌంట్ చేయండి. 4.18 కెర్నెల్ అయితే మౌంట్ సక్సెస్ అవుతుంది, డీమెసేజ్‌లో ఆ రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.